కవచ్: మామూలు సరుకుతో గట్టి కాపలా

వడ్డాది వాళ్లం రైలెక్కాలంటే అనకాపల్లి వెళ్లాలి. ఎక్కాక ఇక భారమంతా లోకో పైలట్‌దే. ఆయన ఎర్ర సిగ్నల్ దాటబోతే తానే బ్రేకు వేసేలా మనవాళ్లు చేసిన ఏర్పాటు కవచ్. 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. తయారీలో ముందున్న మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ మూడూ హైదరాబాద్ కంపెనీలే.

విప్పి చూస్తే అందులో అపురూపమైన సరుకేమీ లేదు. స్లీపర్లకు బిగించే ట్యాగులు టోల్‌గేటు ఫాస్టాగ్ జాతివే. స్టేషన్‌తో మాటలు రేడియోలో, టైము జీపీఎస్ నుంచి. వీటిలో ఏదైనా ఎప్పుడైనా చెడిపోవచ్చు. చెడితే ఏం చెయ్యాలో ముందే తేల్చిపెట్టడంలోనే ఉంది పనితనమంతా.

ట్యాగు మీదుగా వెళ్లగానే ఇంజిన్‌కు తానెక్కడుందో తెలుస్తుంది. అక్కణ్నుంచి చక్రం చుట్లు లెక్కపెట్టుకుంటూ పోతుంది. వానకు చక్రం జారితే లెక్క తప్పుతుంది, తర్వాతి ట్యాగు దాన్ని సరిచేస్తుంది. ఆ ట్యాగే పలకకపోతే? దగ్గర్లోనే దాని జోడీ ఉంటుంది. రీడర్లు రెండు, రేడియోలు రెండు. ప్రాసెసర్లు కూడా ఒకే లెక్క విడివిడిగా చేసి జవాబులు పోల్చుకుంటాయి. పొసగలేదా, తప్పెవరిదన్న పంచాయితీ లేదు, బ్రేకే. స్టేషన్ నుంచి కొత్త సందేశం గడువులోగా రాకపోతే పాత అనుమతీ చెల్లదు.

దీనికి పెట్టిన కొలబద్ద ఎస్ఐఎల్-4. ప్రాణం మీదికి తెచ్చే లోపం పది కోట్ల గంటల్లో ఒక్కటి కూడా రాకూడదు. అంటే పదకొండు వేల ఏళ్ల పైమాట! ఏ చిప్పూ ఒంటరిగా ఇంత హామీ ఇవ్వలేదు.

2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లను ఎదురెదురుగా పెట్టి చూశారు. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒకదానిలోనే ఉన్నారు. 380 మీటర్ల దూరంలో కవచ్ దాన్ని ఆపేసింది.

రైలుకు ఆగిపోవడమనే వెసులుబాటుంది. గాల్లో ఉన్న విమానానికి అదెక్కడిది? అందుకే బోయింగ్ 777 ప్రధాన ఫ్లైట్ కంప్యూటర్‌లో ఒకే పనికి ఇంటెల్ 80486, మోటరోలా 68040, ఏఎండీ 29050 పెట్టారు. మూడూ బజారు చిప్పులే. కంపెనీలు వేరు కాబట్టి ఒకదాని డిజైన్‌లో ఉన్న తప్పు మిగతా రెండింటిలో ఉండే అవకాశం తక్కువ. ఒకటి తేడా జవాబిచ్చినా మిగిలిన వాటితో పని నడిచిపోతుంది.