కావ్యములలోని యడవి, నల్లమలలోని యడవి

అడవిని గూర్చి మన కవులు వ్రాసినంతగా మరి దేనిని గూర్చియు వ్రాసియుండరని పలువురి యభిప్రాయము. మాకట్లు తోచదు. వారు వ్రాసినది వేటను గూర్చి, తపస్సును గూర్చి, వనవాసమును గూర్చి. అడవి యా మూడింటికిని రంగస్థలము మాత్రమే. తెర యెత్తగనే చెట్లు కనబడును. రాజో, మునియో వచ్చి తన పని చూచుకొని పోవును. పిమ్మట నా చెట్లేమయ్యెనో యడుగువాడు లేడు.

మహాకావ్యమునకు వలసిన వర్ణనలను దండి కావ్యాదర్శమున లెక్కించినాడు. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము, జలక్రీడ - ఇట్లు సాగు నా పట్టికలో ఉద్యానమునకు చోటున్నది, అరణ్యమునకు లేదు. తోటమాలి నీరు పోసిన చెట్టే వర్ణింపదగినదన్నమాట. తరువాత శతాబ్దములకు సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు వనమును జేర్చెను గాని, దానికి తోడుగా మృగయను గూడ జేర్చెను. మన ప్రబంధకవులు రెండవదానిని పట్టుకొనినంత గట్టిగా మొదటిదానిని పట్టుకొనలేదు.

శాకుంతలము ప్రథమాంకమున దుష్యంతుడు లేడిని తరుముకొని వచ్చును. వైఖానసుడు చేయెత్తి, ఇది యాశ్రమమృగము, చంపరాదని వారించును. రాజు బాణము నుపసంహరించును. ఈ ఘట్టమును భూతదయకు నిదర్శనముగా చెప్పుట పరిపాటి. కాని ముని వాడిన మాటను జాగ్రత్తగా వినవలెను. ఆయన రక్షించినది మృగమును గాదు, ఆశ్రమమృగమును. హద్దు కావలనున్న లేడి మాట యెవ్వరును తలపెట్టలేదు. రెండవ యంకమున సేనాపతి వేటను మంచి వ్యాయామమని పొగడును. రాజా దినమున వేట మానినది శకుంతలపై మనసు తగిలి గాని, లేళ్లపై దయ గలిగి గాదు. కాళిదాసున కీ సంగతి తెలియును. తెలియనిది మన వ్యాఖ్యాతలకు.

ఇక ఆంధ్రమహాభారత ఆదిపర్వము చివరనున్న ఖాండవదహనము. అగ్నిదేవుని యాకలి తీర్చుటకై కృష్ణార్జునులు చుట్టును గాచి, మంటనుండి వెలువడిన ప్రాణుల నెల్ల గూల్చిరి. అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గకపు పిల్లలు తప్ప తక్కినవేవియు మిగులలేదు. ఈ కథ చెప్పుచుండగా మా తరగతిలో నొక బాలుడు లేచి, "అయ్యవారూ, ఆ మయుడు కట్టిన సభ యా కాలిన యడవిచోటనే కట్టినాడా?" యని యడిగెను. పరీక్షలో వచ్చు ప్రశ్న కాదది. అయినను నన్నయగారి శబ్దసౌందర్యమును గూర్చి మేము చదివిన పెక్కు వ్యాసములకన్న నా ప్రశ్నయే కథకు దగ్గరగా నున్నది.

పెద్దన మనుచరిత్రమున మాత్రము ఒక వింత గలదు. స్వరోచి వరాహముపై బాణ మెక్కుపెట్టగా ఆడులేడి యడ్డుపడి, తన్ను గొట్టుమని వేడును. ఆమె వనదేవత. అడవి యిచట నోరు విప్పినది. అయితే తన బాధ చెప్పుకొనుటకు గాదు, రాజును వరించి మనువును గనుటకు.

ఇదంతయు ప్రాచీనుల మాట గదా యందురేమో. మన పాలమూరు సీమనే చూడుడు. గద్వాలను విద్వద్గద్వాల యనిరి. వనపర్తి, ఆత్మకూరు ప్రభువులును కవులను సన్మానించిరి. గద్వాల సీమలోనే పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, తెలంగాణమున కవులు లేరన్న యపవాదును మున్నూట యేబదినలుగురి కవితతో తుడిచివేసిరి. ఆ విద్వత్తుపై మాకెనలేని గౌరవము. అయినను, ఆ సంస్థానములకు తూర్పున నల్లమల యున్నది. నల్లమద్ది, ఏగిస, ఇప్ప, తునికి, తపసిచెట్టు గల యడవి; పులి, ఎలుగు, దుప్పి, కణుజు దిరుగు నడవి; పెంటలు కట్టుకొని చెంచులు నివసించు నడవి. సంస్థానసాహిత్యమున మాకు దొరికినంతలో అశ్వధాటి యున్నది, చిత్రబంధము లున్నవి, తపసిచెట్టు లేదు.

ఆ లోటు తీర్చినవాడు వియన్నా నగరమున 1909లో జన్మించిన హైమెండార్ఫ్. రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటతో, జర్మను పాసుపోర్టు గల యీ మానవశాస్త్రవేత్త నిజాము రాజ్యమున నిలిచిపోవలసివచ్చెను. ఆ నిర్బంధము మనకు లాభించినది. 1940లో ఆయన అమరాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నుండి వారి జీవనమును వ్రాసికొని, 1943లో 'దక్కను అడవిజనమగు చెంచులు' అని యర్థమిచ్చు పేరుతో నింగ్లీషున గ్రంథము వెలువరించెను. అదే సంవత్సరము మనవారు 'చెంచులక్ష్మి' చలనచిత్రమును తీసిరి. ఒకే యేట వచ్చిన యా రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన, చెంచును మన మెట్లు చూచితిమో, పరాయివాడెట్లు చూచెనో తేటపడును.

హైమెండార్ఫ్ గ్రంథపు గొప్పతనము దాని నిదానము. గడ్డలు త్రవ్వు కఱ్ఱ, తేనె తీయు త్రాడు, ఋతువునుబట్టి మారు నివాసము - వీనిని వర్ణనముగా గాక ఉపాధిగా జూపును. దోషము లేకపోలేదు. చెంచులను ప్రాచీనయుగపు శేషముగా జూచు మక్కువ ఆయనను పలుమారు లాగుకొనిపోవును. అడవిబంక, ఇప్పపువ్వు కొను వర్తకునితో వారి బేరమును అంత శ్రద్ధతో తూచడు. ఐనను ఆయన వ్రాత కాగితమున నిలిచిపోలేదు. 1942లో నిజాము ప్రభుత్వము పీఠభూమిపై సుమారు లక్ష యెకరములను చెంచుల రక్షితభూమిగా నేర్పరచుటకు ఆయన సిఫారసే కారణము. ఒక వచనగ్రంథము లక్ష యెకరములను గాచిన యుదాహరణము మన భాషలో మాకు గానరాదు.

2019లో నల్లమలకు మరల నాపద వచ్చెను. ఆ యేడు మే నెలలో కేంద్ర అటవీ సలహాసంఘము 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు సూత్రప్రాయముగా నంగీకరించెను. నాలుగు వేల బోర్లు వేయుట అందలి ప్రతిపాదన. ప్రజ లెదిరించిరి; సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవముగా వలదని తీర్మానించెను. కవులును కదలిరి, సంతోషము. కాని యప్పుడు వెలువడిన కవితలలో మేము చదివినవానియందు పెక్కింట నల్లమల తల్లి యేడ్చుచుండును, పచ్చని చీర చిరుగుచుండును. తల్లి యనిన వెంటనే చెట్టు పేరు తెలిసికొను శ్రమ తప్పినది. బోరు వేయువాని పత్రమున అక్షాంశరేఖాంశము లుండగా, కాపాడువాని పద్యమున చీర మాత్రమే యుండుట సరిపోలిక కాదు.

ఇంతకన్న చిక్కయిన ప్రశ్న యొకటి గలదు. అమరాబాదు పులుల యభయారణ్యము 2,611 చదరపు కిలోమీటర్లు. పులికి నిర్జనమైన చోటు వలయునని, అందలి చెంచులను వెలుపలికి తరలింపవలెనని యొక వాదము. చట్టము ప్రకారము వారి సమ్మతి లేనిదే తరలింపరాదు. బడికి, ఆసుపత్రికి దగ్గరగుటకై పోవగోరు చెంచు యువకు లున్నారు. వారిని మన భావుకత్వము కొరకు కొండమీద నాపుట న్యాయము గాదు. అయితే 'నిర్జన' మను మాట పులిశాస్త్రమునుండి మాత్రమే పుట్టినదా, మన కావ్యములనుండి గూడనా? 'నిర్జనారణ్యము' అని యే సంకోచమును లేక వ్రాసితిమి. జనము లేరనుకొనినచోట వేటయాడుట, త్రవ్వుట, తరలించుట, మూడును తేలిక. సలేశ్వరము జాతరకు వచ్చి ప్లాస్టికు సీసాలు లోయలో విసరు యాత్రికుడును అది యెవరిల్లును గాదనియే తలచుచున్నాడు. తేనె తీయుటకు చెంచు కొండచరియనుండి దిగునప్పుడు పైన త్రాడు పట్టువాడు బావమరిది యని ప్రసిద్ధి. ఆ చరియను నిర్జనమని యెట్లందుము?

చెంచుల భాష తెలుగు. హైమెండార్ఫునకు వారు చెప్పిన కథలు, చెట్ల పేర్లు, కొండపేర్లు అన్నియు తెలుగుననే చెప్పియుందురు, అచ్చయినది ఇంగ్లీషున. అప్పాపురమున, బౌరాపురమున, వటవర్లపల్లిలో ఆ మాట లింకను వినవచ్చును. వ్రాసికొనువాడు కావలెను. మన్ననూరు నాకా రాత్రి తొమ్మిదింటికి మూసినను, ఉదయ మారింటికి దెరతురు.