కటారా కోపాన్ని ఎవరు చల్లార్చారు?

పిల్లల కార్టూన్ ఆధారంగా తీసిన ఒక సినిమా గురించి పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారంటే చాలామందికి నవ్వొస్తుంది. ఆ వాదించేవాళ్ళు ఆడవాళ్ళయితే ఆ నవ్వులో కాస్త చులకన కూడా కలుస్తుంది. 'బొమ్మల కథ కోసం ఇంత రాద్ధాంతమా?' అంటారు. వంటింటి కవిత్వం మీద, ఆడవాళ్ళు రాసే నవలల మీద కూడా ఒకప్పుడు ఇదే తీర్పు. ఏది తీవ్రంగా చర్చించదగినది, ఏది కాదు అని తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్త కాదు. అందుకే 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' చుట్టూ దాని అభిమానులు చేసిన చర్చను కాస్త దగ్గరగా చూడాలి.

అమెరికాలో నికెలోడియన్ చానెల్ 2005 నుంచి 2008 దాకా 61 భాగాలుగా ప్రసారం చేసిన యానిమేషన్ సీరియల్ ఇది. నీరు, భూమి, అగ్ని, వాయువు పేర్లతో నాలుగు జాతులున్న ఊహాలోకం. ఒక్కో జాతిలో కొందరికి తమ భూతాన్ని శాసించే విద్య ఉంటుంది. అగ్నిరాజ్యం మిగతావారి మీద వందేళ్ళుగా యుద్ధం చేస్తోంది. నాలుగు విద్యలూ నేర్చి దాన్ని ఆపవలసిన అవతార్ పన్నెండేళ్ళ ఆంగ్. ఆ లోకపు బట్టలు, యుద్ధవిద్యలు, లిపి ఆసియా సంస్కృతుల నుంచి తీసుకున్నవి. ధ్రువప్రాంతపు నీటి జాతికి ఇన్యుయిట్ల జీవితం ఆధారం. 'అవతార్' అన్న మాట మన దగ్గర్నుంచి వెళ్ళిందే.

ఈ కథ మొదలయ్యేది ఆంగ్‌తో కాదు, కటారా అనే పద్నాలుగేళ్ళ అమ్మాయి కోపంతో. తల్లి అగ్నిరాజ్యపు దాడిలో చనిపోయింది. తండ్రి యుద్ధానికి వెళ్ళాడు. చేపల వేటలో అన్న సొక్కా 'ఆడపిల్లలతో వస్తే ఇంతే' అన్న ధోరణిలో ఈసడిస్తాడు. అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు సైనికుడి వేషం కడుతుంటే ఇంటి చాకిరీ అంతా నేనే చేస్తున్నాను, నీ కంపుకొట్టే సాక్సులూ నేనే ఉతుకుతున్నాను అని ఆమె విరుచుకుపడుతుంది. ఆ ఆవేశంలో తనకు తెలియకుండానే ఆమె శక్తి వెనకనున్న మంచుకొండను పగలగొడుతుంది. వందేళ్ళుగా అందులో గడ్డకట్టి ఉన్న ఆంగ్ బయటపడతాడు. ఇంటిచాకిరీ మీద ఒక ఆడపిల్ల పెట్టుకున్న కోపమే లోకరక్షకుడిని విడిపించింది! పిల్లల కార్యక్రమంలో ఇంతకంటే సూటిగా ఏం చెప్పగలరు?

తర్వాత సొక్కా, క్యోషి ద్వీపంలో సుకీ అనే యోధురాలి చేతిలో ఓడిపోతాడు. అహం దిగి, మోకాళ్ళ మీద కూర్చుని విద్య నేర్పమంటాడు. ఆమె అతనిచేత తమ స్త్రీ యోధుల దుస్తులు కట్టించి నేర్పుతుంది. ఉత్తరధ్రువంలో ఆడవాళ్ళు వైద్యమే తప్ప యుద్ధవిద్య నేర్వకూడదు. గురువు పక్కూ కటారాను కాదంటాడు. ఆమె అతన్ని ద్వంద్వయుద్ధానికి పిలుస్తుంది. ఓడిపోతుంది కానీ లొంగదు. అయితే పక్కూ మనసు మారేది ఆమె ప్రతిభ చూసి కాదు. ఆమె మెడలోని హారం చూసి. ఒకప్పుడు తాను ప్రేమించి నిశ్చితార్థం కోసం చెక్కిన హారం అది. ఆ ఊరి కట్టుబాట్లు భరించలేక పారిపోయిన ఆ స్త్రీ కటారా నాయనమ్మే. పురుషుడి విఫలప్రేమ మీదుగా తప్ప స్త్రీకి న్యాయం దొరకకపోవడం మూలకథలోనే ఉన్న లోపం. అభిమానులు ప్రేమించింది లోపంలేని కథను కాదు.

2010లో మనోజ్ నైట్ శ్యామలన్ దీన్ని సినిమాగా తీశాడు. పుదుచ్చేరికి చెందిన మాహేలో పుట్టి అమెరికాలో పెరిగిన దర్శకుడు. 2008 చివర్లో నటుల పేర్లు తెలిసినప్పుడే నిరసన మొదలైంది. ఆంగ్, కటారా, సొక్కా పాత్రలన్నింటికీ తెల్లవారు. యువరాజు జూకో పాత్రకు మొదట తీసుకున్న తెల్ల నటుడు తప్పుకున్నాక దేవ్ పటేల్ వచ్చాడు. చివరికి కార్టూన్‌లో పాలిపోయిన తెలుపులో ఉన్న అగ్నిరాజ్యం సినిమాలో గోధుమరంగుకి మారింది. గోధుమరంగు కటారా తెల్లబడింది. వీరులు తెలుపు, దురాక్రమణదారులు మనరంగు! అభిమానులు ఉత్తరాలు రాశారు, ప్రదర్శనలు చేశారు, ఈ పనికి 'రేస్‌బెండింగ్' అని పేరు పెట్టారు. ఆ శైలి బొమ్మల్లో ముఖాలు ఏ జాతివో తేల్చి చెప్పలేమని దర్శకుడు సమర్థించుకున్నాడు. ఆయనే పేర్లను మాత్రం ఆసియా ఉచ్చారణలోకి సరిదిద్దాడు. పేరు పలకడంలో పట్టింపు ఉన్నప్పుడు ముఖం దగ్గర ఎందుకు లేదు?

తన కూతురు హాలోవీన్ పండగకు కటారా వేషం వేసుకుంటానని అడగడంతో ఈ సీరియల్ తన దృష్టికి వచ్చిందని శ్యామలన్ చెప్పుకున్నాడు. తన ఒంటిరంగుతోనే కథానాయిక కాగలనని ఒక భారతీయ సంతతి ఆడపిల్లకు నమ్మకం ఇచ్చిన పాత్ర అది. తెరమీదికి వచ్చేసరికి ఆ రంగు లేదు. చామనఛాయ అమ్మాయిని నాయికగా ఊహించలేని తెలుగు సినిమా చూస్తూ పెరిగిన మనకు ఆ లోటు ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

రంగు గురించి జరిగినంత చర్చ కోపం గురించి జరగలేదు. సినిమాలో అన్నాచెల్లెళ్ళ గొడవ లేదు. వేటకు వెళ్ళినవాళ్ళకు మంచు కింద గోళం కనిపిస్తుంది, అంతే. సుకీ లేదు. ఆ సన్నివేశాలు తీసి కూడా తొలగించారు. పక్కూ అడ్డు చెప్పడు, కటారా పోరాడదు. ఇరవై భాగాలను గంటా నలభై నిమిషాలకు కుదించాలంటే ఏవో పోతాయి, నిజమే. కానీ ప్రతిసారీ ముందుగా పోయేది ఆడవాళ్ళే ఎందుకవుతారు?

'మూలానికి ద్రోహం చేశారు' అన్నది అభిమానుల్లో ఎక్కువమంది వాదన. స్త్రీవాదులుగా మనం దాన్ని యథాతథంగా ఒప్పుకోలేం. సీతను శూర్పణఖతో, అహల్యతో మాట్లాడించిన ఓల్గా 'విముక్త'ను అక్కున చేర్చుకున్న పాఠకులం మనం. మూలాన్ని మార్చడం మనకు హక్కు, అవసరం. కాబట్టి ప్రశ్న మార్చారా లేదా అన్నది కాదు. ఆ మార్పుతో ఎవరి గొంతు పెరిగింది, ఎవరి గొంతు తగ్గింది అన్నది.

ఈ గీటురాయి 2024లో మళ్ళీ అక్కరకొచ్చింది. నెట్‌ఫ్లిక్స్ అదే కథను నటులతో సీరియల్‌గా తీసింది. ఈసారి ముఖ్యపాత్రలకు ఆసియా, ఆదివాసీ మూలాలున్న నటులనే తీసుకున్నారు. కటారాగా మొహాక్ జాతి అమ్మాయి కియావెంటియో నటించింది. నిరసనలు వృథా పోలేదనుకోవచ్చు. సుకీ ఉంది, పక్కూతో పోరు కూడా ఉంది. అయితే విడుదలకు ముందే నటులు, సొక్కాలోని పురుషాహంకారాన్ని తగ్గించామని మంచి మార్పుగా చెప్పారు. అభిమానులు రెండుగా చీలారు. ఈ కాలం పిల్లలకు అలాంటి మాటలెందుకని కొందరు, అవి లేకపోతే సొక్కా ఏం నేర్చుకున్నట్టని మరికొందరు.

నేను రెండోవారి పక్షం. వివక్షను తెరమీద తుడిచేస్తే ఇంట్లో తుడుచుకుపోదు. అన్న ముందునుంచే మంచివాడైతే అతను మోకాళ్ళ మీద కూర్చోవలసిన పని లేదు. ఇంకా ముఖ్యంగా, చెల్లెలి కోపానికి కారణం లేకుండా పోతుంది. కారణం తీసేసిన కోపాన్ని లోకం 'గయ్యాళితనం' అంటుంది. మొదటి సినిమా ఆడపిల్లలను కథలోంచి తీసేసింది. రెండో ప్రయత్నం ఆడపిల్లలను ఉంచి, మగపిల్లవాడి తప్పును తగ్గించింది. మొదటిది అన్యాయమని అందరికీ కనిపిస్తుంది. రెండోది సంస్కారంలా కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

చిన్నప్పుడు చూసిన బొమ్మల కోసం పెద్దయ్యాక పోట్లాడటం పసితనం కాదు. ఎనిమిదేళ్ళప్పుడు తమ కోపానికి విలువుందని మొదటిసారి చెప్పిన కథను, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఎవరో మర్యాదగా సరిచేస్తుంటే ఊరుకోకపోవడం అది. ఆ సాక్సులు ఇప్పటికీ ఎవరు ఉతుకుతున్నారో వాళ్ళకు తెలుసు మరి.