పిశాచికి తలుపు తీసిందెవరు?

యుద్ధం నేపథ్యంగా భయానక కథ రాసేవాళ్లకు ఓ చిక్కు ఎదురవుతుంది. ఫిరంగి మోతల మధ్య రోజూ వేలమంది నేలకూలుతుంటే, ఒక రక్తపిశాచి నలుగురి మెడలు కొరికిందని ఎవరు వణుకుతారు? ఈ చిక్కుముడిని అందంగా విప్పిన బొమ్మల కథ నాకు తెలిసి ఒకటుంది. 1980లో బ్రిటిష్ వారపత్రిక ‘టూ థౌజండ్ ఏడీ’లో సీరియల్‌గా వచ్చిన ‘ఫీండ్స్ ఆఫ్ ది ఈస్టర్న్ ఫ్రంట్’. రాసింది గెర్రీ ఫిన్లీ-డే. బొమ్మలు స్పెయిన్ చిత్రకారుడు కార్లోస్ ఎజ్కెర్రావి. కామిక్స్ పాత్ర జడ్జ్ డ్రెడ్‌కు రూపం పోసిన చెయ్యి ఆయనదే.

బెర్లిన్‌లో నేల తవ్వుతుంటే ఓ జర్మన్ సైనికుడి అస్థిపంజరం, దానితోపాటు ఒక డైరీ బయటపడతాయి. హాన్స్ ష్మిట్ అనే ఆ సైనికుడి రాతలే మనం చదివే కథ. 1941లో సోవియట్ నేల మీద పోరాడుతున్న అతని దళానికి కెప్టెన్ కాన్‌స్టాంటా నడిపే రొమేనియా దళం తోడొస్తుంది. చీకటి పడితే ఆ దళానికి ఎదురుండదు. వాళ్లు మనుషులు కారని హాన్స్‌కు మెల్లగా తెలిసొస్తుంది. అయితేనేం, వాళ్ల కోరలు దిగుతున్నది శత్రువు గొంతులో కదా!

ఇక్కడే చరిత్ర వచ్చి కథకు వెన్నెముక అయింది. హిట్లర్ పక్షాన 1941 జూన్‌లో యుద్ధంలోకి దిగిన రొమేనియా, 1944 ఆగస్టు 23న కూటమి మార్చింది. రాజు మిహాయ్ ఆ రోజు నియంత అంతొనెస్కును అరెస్టు చేయించాడు. నిన్నటిదాకా పక్కన నిలబడిన సైన్యం ఎదురుగా వచ్చి నిలబడింది. కథలో కాన్‌స్టాంటా దళం కూడా అలాగే ఫిరాయిస్తుంది. ఇప్పుడు ఆ కోరలు జర్మన్ల వైపు తిరుగుతాయి. ఇంతటి మలుపును రచయిత తన ఊహలోంచి పుట్టించాల్సిన పని లేకపోయింది. తారీఖుతో సహా చరిత్రలోనే ఉంది. దాన్ని పట్టుకోవడంలోనే ఆయన నేర్పంతా ఉందంటాను.

ఎజ్కెర్రా గీతను దగ్గరగా చూడండి. మనిషి ఆకారం చుట్టూ ఆయన గీసే గీత నున్నగా సాగదు. మందంగా, తెగుతూ, రంపపు పళ్లలా నడుస్తుంది. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద, నలుపూ తెలుపుల్లో, ఆ గరుకుదనం వల్లే యూనిఫాం తొడుక్కున్న ఒంట్లోని అలసట కనిపిస్తుంది. సైనికుడికీ పిశాచికీ ఆయన వాడింది ఒకే గీత. ఆ ఇద్దరినీ వేరుచేసి చూపకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పిలవనిదే రక్తపిశాచి గడప దాటలేదని పాత నమ్మకం. బ్రామ్ స్టోకర్ 1897 నాటి ‘డ్రాకులా’లోనూ ఆ నియమం ఉంది. యుద్ధ కథలో ఆ పిలుపు ఎక్కడినుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. ‘ఫీండ్స్’లో సైనిక ఒప్పందమే ఆ పిలుపు. మైక్ మిన్యోలా, క్రిస్టఫర్ గోల్డెన్ 2007లో నవలగా తెచ్చి, 2010 నుంచి కామిక్స్‌గా నడిపిన ‘బాల్టిమోర్’లో మొదటి ప్రపంచ యుద్ధపు శవాల గుట్టలే ఆ పిలుపు. పీనుగులను తింటున్న పిశాచిని హెన్రీ బాల్టిమోర్ గాయపరచడంతో, పిశాచులు బతికున్నవాళ్ల మీద పడతాయి.

ఈ రకం కథల్లో ఒక ప్రమాదం కూడా ఉంది. ఘోరాలన్నీ పిశాచి ఖాతాలో రాసేస్తే మనిషి చేతులు దులుపుకుంటాడు. 1941 అక్టోబరులో ఒడెస్సాలో వేలాది మంది యూదులను చంపింది కోరలున్న రొమేనియన్లు కారు. పై నుంచి వచ్చిన ఆజ్ఞలను అమలుచేసిన మామూలు సైనికులు. ఈ సంగతి మరిచి రాసిన యుద్ధ పిశాచి కథ ఎంత రక్తం చిమ్మినా అబద్ధంగానే మిగులుతుంది.

అందుకే ఇలాంటి కథ రాయాలనుకునే కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కోరల పొడవు తర్వాత ఆలోచించండి. ముందు ఆ యుద్ధపు తేదీలు, ఒప్పందాలు చదవండి. తలుపు ఎవరు తీశారో, ఏ లాభానికి తీశారో తేల్చుకోండి. అది తేలితే పిశాచి తనంతట తానే లోపలికొస్తుంది, పాఠకుడు నమ్ముతాడు.