నక్కకీ గడ్డికీ ఒకే వెలుగు

రష్యన్ చిత్రకారుడు ఇవాన్ షిష్కిన్ 1889లో వేసిన ‘పైన్ అడవిలో ఉదయం’ మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. విరిగిపడిన చెట్టెక్కి ఎలుగుపిల్లలు ఆడుతుంటాయి, వెనక మంచులోంచి పొద్దు పొడుస్తుంటుంది. అడవి షిష్కిన్‌దే గానీ ఎలుగుబంట్లను వేసింది ఆయన మిత్రుడు కాన్‌స్టాంటిన్ సవిట్‌స్కీ. బొమ్మ కొన్న పావెల్ త్రెత్యకోవ్ సవిట్‌స్కీ సంతకం తుడిపించేశాడు. అది అన్యాయమనే అంటాను. ఎవరైనా చెబితే తప్ప రెండు చేతులు పడ్డాయని తెలియనంతగా ఆ జంతువులు ఆ మంచులో కలిసిపోయాయి. కొత్తగా నూనెరంగులు పట్టినవాళ్ల బొమ్మల్లో దీనికి సరిగ్గా తలకిందులు. వేసింది ఒక్కరే, చూస్తే ఇద్దరు వేసినట్టుంటుంది.

జంతువును దాని చుట్టుపక్కలతో కలిపి వేసే విద్యలో నేను గురువుగా భావించేది స్వీడన్‌కు చెందిన బ్రూనో లిల్యేఫోర్స్‌ని (1860–1939). ఆయన వేటగాడు. నక్కల్నీ కుందేళ్లనీ గుడ్లగూబల్నీ ఇంటిదగ్గరే పెంచి, వాటి కదలికలు కంటపడినవి కంటపడినట్టే గీసుకున్నాడు. 1886 నాటి ‘నక్కల కుటుంబం’లో తెల్లపూల గడ్డి మధ్య నక్కపిల్లలు పక్షిని పీక్కుతింటుంటాయి. గడ్డిని వదిలేసి నక్కను ఒక్కదాన్నే చూద్దామంటే కుదరదు.

దీనికి సాధన కాన్వాస్ తెలుపు చంపడంతో మొదలవుతుంది. బర్ంట్ అంబర్‌ని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి గుడ్డతో రుద్దితే అడవి నేలకు తగిన గోధుమరంగు దిగుతుంది. అది ఆరాక, కళ్లు సగం మూసి చూస్తూ ముదురు, లేత ముద్దలు మాత్రమే పెట్టాలి. వేస్తున్నది అడవిలో దుప్పిని అనుకుంటే, అప్పటికి దానికి కాళ్లుండవు, చెట్టుకి ఆకులుండవు. ట్యూబులోని ఆకుపచ్చను నేరుగా వాడితే అడవి ప్లాస్టిక్‌లా ఉంటుంది. అల్ట్రామెరైన్‌లో ఎల్లో ఓకర్ కలిపి, చిటికెడు బర్ంట్ సియెన్నా వేస్తే నీడపట్టు పచ్చ వస్తుంది. దుప్పి ఒంటికీ అదే సియెన్నా వాడితే రెండింటికీ చుట్టరికం కుదురుతుంది.

దుప్పి పొట్ట తెల్లనిదే. కానీ ఎండపడ్డ గడ్డిలో నిలబడినప్పుడు ఆ తెలుపులోకి కిందనుంచి పచ్చదనం ఎగబాకుతుంది, వీపు మీద ఆకాశపు నీలం వాలుతుంది. ఇది పట్టుకున్నవాళ్లకి సగం విద్య వచ్చినట్టే. బొచ్చు సంగతి అందరూ అడుగుతారు. సన్న కుంచెతో ఒక్కో వెంట్రుకా గీస్తూ పోతే జంతువు కత్తిరించి అతికించినట్టు తేలుతుంది. రంగు తడిగా ఉండగానే పొడి కుంచెతో ఒంటి అంచుని వెనకున్న పొదలోకి లాగండి. భుజం తిరిగే మలుపులో, చెవి వెనక, వెలుగూ నీడా కలిసేచోట నాలుగు గీతలు చాలు.

కొమ్మల సందుల్లో కనిపించే ఆకాశాన్ని అసలు ఆకాశం కన్నా ఒక పిసరు ముదురుగా వేయాలి. లేకపోతే అవి చిల్లుల్లా మెరిసి, చూపును జంతువు మీద నిలవనివ్వవు. కంటిలోని మెరుపుచుక్కకూ తెలుపు వద్దు, దట్టమైన నీడలో అది బూడిద నీలం. ఇక కింది పొరలు పల్చగా, పై పొరల్లో అవిసెనూనె ఎక్కువగా ఉండాలి. తిరగబడితే కొన్నేళ్లకు బొమ్మ పగుళ్లిస్తుంది.

ఇంత శ్రమ దేనికంటే, లిల్యేఫోర్స్ నక్కల్లో దుర్మార్గం వెతికినా దొరకదు, వాటికి మన కన్నీళ్లూ అంటించలేదు. ఆకలేసి తింటున్నాయి, అంతే. జంతువును దాని చోట, దాని వెలుగులో వేసినందుకే ఆ మర్యాద దానికి దక్కింది.