పట్టే రొట్టె, ఎత్తే పీరు

నెల్లూరు రొట్టెల పండుగలో చేతులు మారేది మామూలు గోధుమ రొట్టె. ఏటా మొహర్రం నెల పదో రోజు మొదలుకొని అయిదు రోజుల పాటు దర్గామిట్టలోని బారా షహీద్ దర్గాకు జనం లక్షల్లో వస్తారు. దర్గా పక్కనే స్వర్ణాల చెరువు. వచ్చినవాళ్లు చెరువులోకి దిగి మోకాటి లోతు నీళ్లలో నిలబడతారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. ఇవ్వడాన్ని రొట్టె వదలడం అంటారు, అందుకోవడాన్ని రొట్టె పట్టడం అంటారు. చాంద్రమానం ప్రకారం నడిచే పండుగ కాబట్టి ఏటికేడు పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై 17న, 2025లో జులై 6న మొదలైంది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది.

బారా షహీద్ అంటే పన్నెండు మంది అమరులు. నెల్లూరుకు ఉత్తరాన కొడవలూరు మండలంలో ఉన్న గండవరం దగ్గర జరిగిన పోరులో వాళ్లు తలలు కోల్పోయారని, మొండేలను గుర్రాలు ఈ చెరువు గట్టుకు మోసుకొచ్చాయని స్థానికుల కథనం. తర్వాతి కథలో చాకలి దంపతులు వస్తారు. చెరువులో బట్టలుతికి అలసి, సమాధుల దగ్గర నిద్రపోయిన ఇల్లాలికి అమరులు కలలో కనపడ్డారట. ఆర్కాటు నవాబు భార్య జబ్బుతో ఉందని, తమ సమాధుల మట్టి నుదుట రాస్తే నయమవుతుందని చెప్పారట. అలాగే నయమైతే నవాబు దంపతులు ఇక్కడికి వచ్చి, తమ రొట్టెల్లో కొన్ని పంచారని చెబుతారు. ఇది చరిత్రా, కల్పనా అన్న విచారణ కంటే కథలోని పాత్రల వరస ముఖ్యం. ముస్లిం అమరుల మాటను ముస్లిం నవాబు దగ్గరికి చేర్చింది హిందువుల్లోని ఒక చాకలి ఇల్లాలు. ఆమె లేకపోతే కథే లేదు. ఈ పండుగను తమదని చెప్పుకునే హక్కు అన్ని కులాల వారికీ ఆ కథలోనే ఉంది.

రొట్టెకు పేర్లున్నాయి. చదువు కోసం విద్యా రొట్టె, కొలువు కోసం ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, గృహ రొట్టె, ధన రొట్టె. పై దేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు వీసా రొట్టె కోసం కూడా వెతుక్కుంటారు. నీళ్లలో దిగినవాళ్లు తాము తెచ్చిన రొట్టె పేరు గట్టిగా పిలుస్తారు. ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకొని, రెండు చేతులూ చాచి ముక్క అందుకుంటారు. అందుకున్న ముక్కను అక్కడే తింటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి, అదే పేరు రొట్టెను ఇంకొకరికి వదలాలి. సంతాన రొట్టె పట్టినామె చంకలో బిడ్డతో వచ్చి సంతాన రొట్టె వదులుతుంది.

ఈ పద్ధతిలో ఒక నిబంధన దాగి ఉంది. ఎవరి రొట్టె వాళ్లు పట్టుకోలేరు. గుడిలో కొబ్బరికాయ ఒక్కరే కొట్టుకోవచ్చు, దర్గాలో ఫాతెహా ఒక ఇంటివారే ఇప్పించుకోవచ్చు. రొట్టె విషయంలో అది కుదరదు. అవసరం ఉన్న మనిషి, ఆ అవసరం తీరిన మనిషిని ఆ గుంపులో వెతుక్కోవాలి. వెతికేటప్పుడు అడిగేది రొట్టె పేరే గాని ఇచ్చేవాళ్ల కులం, మతం కాదు. ఇంకొకరి ఇంట్లో వండిన తిండిని, వాళ్లెవరో తెలియకుండా, నలుగురి ముందు తినడం మన సమాజంలో చిన్న విషయం కాదు. నీళ్లు ముట్టుకున్నా మైల అనుకున్న రోజులు ఈ జిల్లాలో పెద్దల జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. అలాంటి చోట ఈ చెరువు నీళ్లలో నిలబడి ఆ పట్టింపును పక్కన పెట్టడమే పండుగలోని అసలు పని. మతసామరస్యం మీద ఉపన్యాసం చెప్పి ఇంతమంది చేత ఆ పని చేయించలేరు.

ఆ అయిదు రోజుల్లోనే దర్గా పద్ధతులూ సాగుతాయి. మొదట సమాధులను కడిగి శుభ్రం చేస్తారు. రాత్రివేళ గంధాన్ని బిందెల్లో నింపి, కోటమిట్ట వైపు నుంచి ఊరేగింపుగా తెచ్చి సమాధులకు పూస్తారు. మిగిలిన గంధం జనానికి పంచుతారు. ఆ గంధపు చుక్క కోసం నిలబడే వరసలో బొట్టు పెట్టుకున్నవాళ్లు, టోపీ పెట్టుకున్నవాళ్లు కలిసే ఉంటారు.

నెల్లూరులో రొట్టె చేతులు మారుతున్న ఆ నెలలోనే తెలుగు ఊళ్లలో పీర్లు లేస్తాయి. క్రీస్తు శకం 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు ఇమామ్ హుస్సేన్ అమరుడయ్యారు. ఆయన వెంట ఉన్నవారిని 72 మందిగా సంప్రదాయం లెక్కిస్తుంది. వారి జెండాలకు గుర్తుగా నిలిపే లోహపు ప్రతీకే ఆలం. తెలుగువాళ్లు దాన్ని పీరు అన్నారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ ఆచారానికి రాజాదరణ దొరికింది. హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా 1590ల్లో కట్టిందే. కానీ పల్లెకు చేరేసరికి అది రాజుల పండుగగా మిగల్లేదు.

పీరు తయారీలో పనితనం చాలా ఉంది. ఇత్తడి, రాగి, వెండి రేకును సాగగొట్టి చెక్కుతారు. కొన్ని చాచిన అరచేయి ఆకారంలో ఉంటాయి. దాన్ని పంజా అంటారు. అయిదు వేళ్లూ ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుస్సేన్‌లకు గుర్తు. కొన్ని రావి ఆకులా, డాలులా ఉండి, పైన నెలవంక తొడిగి ఉంటాయి. ఏడాదంతా పెట్టెలో బట్ట చుట్టి ఉంచిన పీరును నెల పొడుపు చూశాక బయటికి తీస్తారు, చింతపండుతో తోమి కడుగుతారు, గంధం పూస్తారు, వెదురు కర్రకు బిగిస్తారు. తర్వాత దట్టీలు కడతారు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు బట్టలను ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోతే లోహపు ముఖం కింద రంగుల దేహం తయారవుతుంది. మొక్కుకున్నవాళ్లు తెచ్చే ప్రతి దట్టీ ఆ దేహంలో చేరుతుంది. తొలిరోజు సన్నగా ఉన్న పీరు తొమ్మిదో రాత్రికి నిండుగా కనిపిస్తుంది. ఎవరి దట్టీ ఏదో చూసి చెప్పగలిగిన ముసలమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఒక ఊరి జనమంతా కలిసి కొన్ని రోజుల పాటు ఒకే శిల్పాన్ని తయారుచేస్తూ పోవడం ఇది. దాన్ని కళ అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పీర్లు ఉండే ఇల్లు పీర్ల చావిడి, పీర్ల కొట్టం. దాని ముందు గుండం తవ్వి కట్టెలు పేర్చి నిప్పు చేస్తారు. పీరును ఎత్తుకున్న మనిషి డప్పు దరువుకు ఊగుతూ ఆ నిప్పుల మీద నడుస్తాడు. చుట్టూ చేతులు పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ పాడేవాళ్ల పాటల్లో కర్బలా కథ తెలుగు ఊరి కథగా మారుతుంది. ఎడారిలో దప్పిగొన్న పిల్లల దుఃఖాన్ని తలచుకొని బెల్లం పానకం పంచుతారు. మలీద ముద్దలు పెడతారు, ఊదు వేస్తారు. పీర్లు ఊరంతా తిరిగే రాత్రిని సరిగెత్తు అంటారు. ప్రతి వాకిట్లో బిందెడు నీళ్లు పీరు ఎత్తినవాళ్ల కాళ్ల మీద పోస్తారు. చివరి రోజు జలధి. చెరువుకో వాగుకో తీసుకెళ్లి దట్టీలు విప్పి, కడిగి, పీర్లను మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. ఎత్తేటప్పుడు ఉన్న దరువు దింపేటప్పుడు మారిపోతుంది. వెళ్లినప్పటి ఊపు తిరిగి వచ్చేటప్పుడు ఉండదు.

పులివేషం ఈ పండుగలో మరో వన్నె. మొక్కు ఉన్నవాళ్లు ఒళ్లంతా పసుపు రంగు పూసుకొని, నల్ల చారలు గీయించుకొని, తోక కట్టుకొని డప్పు వెంట ఇల్లిల్లూ తిరుగుతారు. ఒకప్పుడు అరదళం, దీపపు మసి వంటివి వాడేవారు. ఇనామెల్ పెయింటు వచ్చాక మెరుపు పెరిగింది, కానీ అది చర్మానికి హాని. చార గీయడానికి మంచి చేయి కావాలి. పొట్ట మీద చార వంపు తిరగాలి, ఊపిరి తీసినప్పుడు అది కదిలి పులి కదిలినట్టు ఉండాలి. గంటల కొద్దీ కదలకుండా నిలబడే మనిషికీ, గీసే మనిషికీ మధ్య కుదిరే నమ్మకం కూడా ఆ వేషంలో భాగమే.

ఎవరు ఏ పని చేస్తారన్నది చూస్తే ఈ కళ విలువ తెలుస్తుంది. పీరు రేకు కొట్టేది కంసాలో కంచరో. చావిడిలో పీర్లను చూసుకునే ముజావరు చాలా ఊళ్లలో దూదేకుల ఇంటివాడు. డప్పు మాదిగలది, సన్నాయి మంగలివారిది, దివిటీ చాకలివారిది, పానకపు కుండ కుమ్మరిది. పీరు ఎత్తే వంతు రెడ్ల ఇంటికో బోయల ఇంటికో తరతరాలుగా ఉంటుంది. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్లలో హిందువులే పీర్లను నిలుపుతారు. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరుకు, అక్కడి ఆంజనేయస్వామికి కలిపే మొక్కుతారు. పండితుడు అఫ్సర్ మహమ్మద్ 2013లో అచ్చయిన తన పుస్తకంలో ఆ ఊరి పండుగనే లోతుగా పరిశీలించారు. చూడటానికి వచ్చినవాళ్లంతా పండుగ అయ్యాక ఎవరి దారిన వాళ్లు పోతారు. పని వంతు ఉన్నవాళ్లు అలా పోలేరు. ఒక ఇల్లు అలిగితే ఆ ఏడు గుండానికి కట్టెలుండవు, దరువుండదు. అందుకే పండుగ ముందు ఊళ్లో తగాదాలు తీర్చుకునే అలవాటు ఏర్పడింది.

ఈ కలయిక జాడ మనుషుల పేర్లలో ఉంది. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి అన్న హిందువులు ఎక్కడ చూసినా కనపడతారు. వెంకటాచలం మండలం కసుమూరు దర్గాలోని మస్తాన్‌వలికి మొక్కుకొని కన్న బిడ్డలు చాలామంది. అనంతపురంలో కుళ్లాయప్ప, కడపలో దస్తగిరి, ఇంకా హుస్సేనమ్మ, పీరయ్య. ఓటరు జాబితాలో పేరు చూసి మతం చెప్పబోయిన మనిషి ఈ జిల్లాల్లో పొరబడతాడు.

ఇంతమాత్రాన కులం కరిగిపోయిందనుకుంటే తప్పు. డప్పు లేనిదే పీరు లేవదు. కానీ డప్పు కొట్టిన మనిషిని చావిడి అరుగు ఎక్కనివ్వని ఊళ్లు ఉండేవి. పని పంచుకున్నంత సులువుగా గౌరవాన్ని పంచుకోలేదు. రొట్టెల పండుగలో ఈ కులపు గీత పలచబడటానికి కారణం అది పట్నంలో, ముక్కూ మొహం తెలియని జనం మధ్య జరగడమే. పల్లెలో అందరికీ అందరూ తెలుసు.

కలిపే కళను విడదీయడమూ సాధ్యమే. పుణెలో ఒకప్పుడు మొహర్రం తాబూతుల (ఇమామ్ హుస్సేన్ సమాధి నమూనాల) ఊరేగింపులో హిందువులు పెద్ద సంఖ్యలో పాల్గొనేవారు. 1893 బొంబాయి మతకలహాల తర్వాత తిలక్ నాయకత్వంలో గణేశ ఉత్సవం వీధిలోకి వచ్చింది, మరుసటేడు చాలామంది హిందువులు తాబూతులకు దూరమయ్యారు. తెలుగు ఊళ్లలోనూ ఈ ఒత్తిడి ఉంది. పీర్లు ఇస్లాంకు విరుద్ధమని ఒకవైపు, తురకల దేవుడికి మొక్కవద్దని మరోవైపు చెప్పేవాళ్లు పెరిగారు. రెండు మాటలూ ఒకే చావిడిని ఖాళీ చేస్తాయి.

సముద్రం అవతల ఇదే మొహర్రం జాతిభేదాన్ని దాటింది. కూలీ ఒప్పందాల మీద కలకత్తా రేవు నుంచి ఎక్కువమంది, మద్రాసు రేవు నుంచి కొంతమంది భారతీయులు కరీబియన్ దీవి ట్రినిడాడ్ చెరకు తోటలకు వెళ్లారు. అక్కడ వెదురు, రంగు కాగితాలతో తాజియాలు అనే సమాధి నమూనాలు కట్టి, హోసే పేరుతో ఊరేగించేవారు. కట్టేవాళ్లలో హిందువులుండేవారు, డోళ్లు మోగించేవాళ్లలో ఆఫ్రికా సంతతివారుండేవారు. వలస పాలకులకు ఆ కలయికే భయం పుట్టించింది. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోలో నిషేధాన్ని కాదని వచ్చిన ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 16 మంది చనిపోయారు. ఆ దీవిలో సెయింట్ జేమ్స్, సెడ్రోస్ ఊళ్లలో హోసే ఇప్పటికీ సాగుతోంది. బొమ్మలే మనుషులను విడదీసిన చోట్లూ ఉన్నాయి. ఉత్తర ఐర్లాండులో బెల్‌ఫాస్ట్ గోడల మీద రెండు క్రైస్తవ వర్గాలు ఆయుధాల బొమ్మలు వేసుకున్నాయి. 2006లో అక్కడి కళామండలి వాటిలో కొన్నిటిని మార్పించడానికి ఒక పథకం మొదలుపెట్టింది. అక్కడ బొమ్మను మార్చడానికి ముందు ఆ వీధివారిని ఒప్పించాల్సి వచ్చింది. నెల్లూరు చెరువులో ఒప్పించే పని రొట్టే చేస్తుంది.

రాష్ట్ర పండుగ అయ్యాక చెరువు దగ్గర ఘాట్లు, దీపాలు, తాగునీరు, వైద్య శిబిరాలు మెరుగయ్యాయి. ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో చెప్పే బోర్డులు కూడా పెడుతున్నారు. దారి తెలియక తిరిగేవాళ్లకు అది మేలే. అయినా జనం బోర్డు దగ్గర ఆగిపోరు. నీళ్లలోకి దిగాక పాత పద్ధతిలోనే పేరు పిలుస్తారు, ఆ పిలుపు విన్నవాళ్లు గుంపును తోసుకుంటూ చేతులు చాచి వస్తారు.