తెగులు, శ్రమ, కీడు: విపత్తును తెలుపు మాటలు, మన ప్రసంగ భాష

విపత్తు జరిగిన తరువాతి ఆదివారము కాపరి దానిని ఏ మాటతో పిలుస్తాడో, ఆ మాటే సంఘమునకు తీర్పువలె వినబడుతుంది. కావున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వాడుక మాటలను తెలుగు బైబిలు పాత అనువాదపు మాటల ప్రక్కన ఉంచి పరిశీలించదలచినాము. అనువాదకులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. ఆ మాటలను వివరింపక వాడుచున్న మన ప్రసంగములనే విమర్శించుచున్నాము.

మొదటి మాట తెగులు. 91వ కీర్తనలోను, యిర్మీయా గ్రంథములో ఖడ్గము, క్షామములతో కలిసి వచ్చు చోట్లను ఇది మనుష్యులను చంపు వ్యాధి, హెబ్రీలో 'దెబెర్'. జగిత్యాల రైతుకైతే తెగులు వరికి, పసుపుకు వచ్చేది. అగ్గితెగులు, ఆకుమచ్చ తెగులు వంటిది. దానికి మందు ఉన్నది, పొలాస పరిశోధనా స్థానములో సలహా ఉన్నది. మనుష్యులను ఊళ్ళకు ఊళ్ళుగా తీసుకొనిపోయినది గత్తర. కలరాకు వాడిన ఈ పేరు నేటికిని తిట్లలో బ్రదికి ఉన్నది. 2020లో కరోనా వచ్చినప్పుడు విశ్వాసులు ఆశ్రయించిన కీర్తనలలో 91వది ఒకటి. తెగులు అని చదివి, "అంటే మన పెద్దలు చెప్పిన గత్తర" అని ఒక్క మాట చేర్చినచో, కీర్తనకారుని భయము, దానితో పాటు అతని నమ్మిక, వినువారికి తమవిగా తోచును.

రెండవది శ్రమ. గ్రీకు 'థ్లిప్సిస్' అను మాటకు మూలార్థము నలిపివేయు ఒత్తిడి. యోహాను 16లోను, రోమా 5లోను దీనిని శ్రమ అన్నారు. సిరిసిల్లలో సాంచాలు నడుపు కార్మికునికి శ్రమ అంటే ఒళ్ళు వంచి చేసిన పని, కూలి రావలసిన పని. శ్రమ వలన ఓర్పు కలుగునని మనము బోధించినప్పుడు, తక్కువ కూలికి ఎక్కువ పని చేసి ఊరుకొనుమన్నట్లు అతనికి వినబడవచ్చును. తన బాధకు అతడు వాడే మాట గోస. బ్రదుకు చెదిరిపోతే "ఆగమైనం" అంటాడు. గల్ఫ్‌కు పంపుతామన్న ఏజెంటుకు అప్పు తెచ్చి డబ్బు కట్టి మోసపోయిన వానిని గూర్చి కోరుట్లలోను "ఆగమైండు" అనే అంటారు. "ఆగం చేసిండ్రు" అన్న వెంటనే, ఎవరు చేసిరను ప్రశ్న పుట్టును. నేత కార్మికుల ఆత్మహత్యల కాలములో సిరిసిల్లను ఉరిసిల్ల అన్నారు. ఆ పేరు మరణమును ఊరికి అంటగట్టినదే గాని కారకులను అడుగలేదు. వివరణ లేని మన 'శ్రమ' కూడ అడుగదు.

మూడవది కీడు. యెషయా 45:7లోని హెబ్రీ 'రా' దుష్టత్వమునకును విపత్తునకును చెల్లును. ఇక్కడి పల్లెలలో కీడు అంటే ఊరికి సోకునది. అది తొలగుటకు ఊరంతయు ఒక పూట ఇండ్లు విడిచి పొలిమేర అవతల వండుకొని తినుట తెలంగాణలో ఎరిగిన ఆచారమే. అట్టి చెవికి, దేవుడు కీడు కలుగజేయుననుట ఆయనే దానిని ఊరిమీదికి తోలినట్లుండును. ప్రవక్త చెప్పునది వేరు. కోరెషు పేరెత్తి పలికిన ఆ మాటల సారము, యెహోవాకు సాటియైన రెండవ శక్తి లేదని. ఇది కీడు భయమును తీర్చవలసిన వాక్యము, వివరింపకున్న పెంచును.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. బస్సులో పరిమితికి మించి జనముండిరి. దీనిని గండము అంటే దోషము గడియది. దేవుని చిత్తమని మాత్రమే చెప్పి ఊరకుంటే, బస్సులో ఎక్కిన బరువు లెక్కలోనికి రాదు. ప్రమాదము అను సంస్కృత పదమునకు మూలార్థము ఏమరుపాటు. వాడుకలో ఆ అర్థము అరిగిపోయినది. లూకా 13లో ప్రభువు పిలాతు చంపించిన గలిలయులను, సిలోయము గోపురము పడి చచ్చిన 18 మందిని కలిపి మాటలాడెను. ఒకటి మనుష్యుని క్రూరత్వము, రెండవది కట్టడము కూలుట. రెంటిలోను చనిపోయినవారి పాపమును తూచుటకు ఆయన ఒప్పుకొనలేదు. మారుమనస్సు బ్రదికి వినుచున్నవారినే అడిగెను.

మనుష్యుల చేతిని వెదకుట దేవుని సర్వాధికారమును తగ్గించుట కాదా అని కొందరు అడుగవచ్చును. పట్టణమునకు కలుగు ఉపద్రవము యెహోవా లేకుండ రాదని 3వ అధ్యాయములో చెప్పిన ఆమోసే, దానికి ముందు 2వ అధ్యాయములో చెప్పుల జోడు కొరకు బీదలను అమ్మినవారిని ఎత్తి చూపెను. అతనికి ఒకటి రెండవదానికి అడ్డు కాలేదు.

కావున సేవకులారా, దుఃఖపడు ఇంటికి వెళ్ళినప్పుడు ముందుగా వారు తమ నష్టమును ఏ మాటతో చెప్పుచున్నారో వినుడి. వారు "ఆగమైనం" అన్నచోట మనము "గండము" అనకుందము. వారి మాటతో మొదలుపెట్టి వాక్యము యొద్దకు నడిపింతము.