తాతగారి పటాలము: మన వంశచరిత్రలపై ఒక విమర్శ

మన సంఘముల వార్షిక సంచికలలో వంశచరిత్రలు తరచుగా అచ్చగుచున్నవి. కామఠీ, బెంగుళూరు, బళ్ళారి, వేలూరు, బరంపురము మున్నగు దండు ఊళ్ళలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబముల చరిత్రలు పెక్కు ఒక సిపాయితో ఆరంభమగును. అట్టి వ్రాతలను మేము విడువక చదువుచుందుము. చదివినకొలదియు ఒక వింత కనబడుచున్నది. ఏ చరిత్ర చూచినను తాతగారు సుబేదారే. సిపాయిగా చేరి, సిపాయిగానే పేరు కొట్టివేయించుకొని, కొద్దిపాటి పెన్షనుతో ఇల్లు చేరిన తాత యొక్కడును కానరాడు. కంపెనీకి సుబేదారు ఒక్కడు. సిపాయిలు డెబ్బది, ఎనుబది, ఒక్కొకప్పుడు నూరుగురు. ఆ నూరుగురి మనుమలు ఏమైరి?

పరిహాసమునకై ఈ ప్రశ్న వేయుట లేదు. చిరకాలము కచేరీ ఫైళ్ళ నడుమ బ్రదికిన మాకు, కాగితమున వ్రాసినది యొకటి, దానిమీద చెప్పుకొన్నది వేరొకటి యగుట క్రొత్త గాదు. కాని వంశచరిత్ర పిల్లలు నమ్ముటకై వ్రాయునది. పరాయి భాషల నడుమ పెరుగుచు, బడిలో తెలుగు లేక, ఇంటనే నాలుగు తెలుగు ముక్కలు నేర్చిన మన పిల్లలకు, తామీ యూరికెట్లు వచ్చితిమో చెప్పునది అదియొక్కటియే. అందుచేత అందలి మాట సరిగా నుండవలెను.

మొదట ఒక సంగతి చెప్పవలెను. మదరాసు సైన్యమున సిపాయి ఒంటరిగా కొలువు చేయలేదు. అతని ఆలుబిడ్డలు పటాలము వెంట లైన్లలో కాపురముండిరి. పటాలము కదలిన వారును కదలిరి. బంగాళా సైన్యమున ఈ వాడుక లేదు. నాగపురము వద్ద 1821లో ఏర్పడిన కామఠీ దండులో మదరాసు పటాలములు చిరకాలము నిలిచినందుననే అచ్చట తెలుగు వీధులు వెలసినవి. కనుక మన రాకకు కారణము ఆ పటాలము. దాని చరిత్ర తెలియనిదే తాతగారి చరిత్ర తెలియదు.

ఆ పటాలముల చరిత్రకు పెద్ద గ్రంథము విల్సన్ దొరగారు కూర్చిన మదరాసు సైన్య చరిత్ర. ఇది 1882 మొదలు 1889 లోపల మదరాసు ప్రభుత్వ ముద్రణాలయమున అచ్చయినది. మన వంశచరిత్రకారులు తఱచుగా ఆశ్రయించునదియు ఇదియే. గ్రంథము ఘనమైనదే. ఏ పటాలము ఏ యేట ఎక్కడ నుండెనో, ఎవరి మీదికి నడచెనో, ఆజ్ఞాపత్రములు ముందిడుకొని ఓపికతో వ్రాసిన గ్రంథమది. లోపమెక్కడనగా, దొరగారికి ఒక్కొక్క లెఫ్టినెంటు పేరును ముఖ్యమే. సిపాయిలు మాత్రము లెక్కగా వత్తురు. ఇంతమంది చచ్చిరి, ఇంతమంది గాయపడిరి. ఎక్కడనో ఒక సుబేదారు పేరు మెరసిన, ఆ వాక్యమును పట్టుకొని మనవారు వంశవృక్షమును నాటుచున్నారు. పేరు కలసినంత మాత్రమున తాత కాడు. నాటి పట్టీలలో ఇంటిపేరు వ్రాయు ఆచారము లేదు. పేరు, తండ్రిపేరు, ఊరు, తాలూకా, జిల్లా. ఒక పటాలమున వెంకటస్వాములు పదిమంది యుండిన, వారిని విడదీయునది పటాలపు నంబరు, తండ్రిపేరు మాత్రమే. ఆ నంబరును ఒక్క పటాలమునకే చెల్లును. ప్రక్క పటాలమున అదే నంబరు వేరొకనిది.

పటాలముల నంబర్ల వలననే మనవారు ఎక్కువగా త్రోవ తప్పుచున్నారు. 1796లో రెండేసి బెటాలియన్లను ఒక రెజిమెంటుగా కూర్చిరి. 1824లో మరల విడదీసి వేరు వేరు నంబర్లు వేసిరి. 1903లో కిచెనర్ ప్రభువు కాలమున మదరాసు పటాలముల పాత నంబరునకు అరువది కలిపిరి. 1922లో మరల మార్చిరి. ఈ నాలుగు మార్పులును తెలియనివాడు పెన్షను కాగితము చదివి, తాతగారిని ఒక పటాలమునుండి మరియొకదానికి బదిలీ చేయుచు పోవును.

ఒక్క ఉదాహరణము చాలును. 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడిరి. దానికి శిక్షగా 1వ రెజిమెంటు, 23వ రెజిమెంటు పేర్లను సైన్యపు పట్టీనుండి తుడిచివేసిరి. నిర్దోషులని తేలినవారిని చేర్చి క్రొత్తగా 24, 25 నంబర్లతో రెజిమెంట్లు నిలిపిరి. పదునొకండేండ్లు గడచినవి. 1817 నవంబరు 26, 27 తేదీలలో నాగపురము వద్ద సీతాబల్డీ గుట్టల మీద భోంస్లే సైన్యమును కొద్దిపాటి మదరాసు సిపాయిలు ఎదిరించి నిలిచిరి. అందు 20వ రెజిమెంటు వారును, ఈ 24వ రెజిమెంటు వారును కలరు. జయము దొరకిన పిమ్మట 24వ వారు బహుమానముగా భూములు కోరలేదు, బత్తా కోరలేదు. తమ పాత నంబరును తమకు మరల నిమ్మని కోరిరి. కోరిక చెల్లినది. 24 పోయి 1 వచ్చినది. అదియే తరువాత మదరాసు పయొనీర్లు, 1903లో 61వ పయొనీర్లు, 1933లో రద్దయినది.

ఇప్పుడు ఆ పటాలపు కుటుంబమువారి యింట 1810 నాటి కాగితమున 24 అని, 1820 నాటి దానిలో 1 అని, 1905 నాటి దానిలో 61 అని యుండిన, మన వంశచరిత్రకారుడు మూడు పటాలములనును, మూడు బదిలీలనును. వాస్తవమునకు సిపాయి కదలలేదు; కదలినది నంబరు. అంతకన్న చింతింపదగినది మరియొకటి కలదు. వేలూరి మాట వచ్చినచోట మనవారు మౌనము వహింతురు, లేదా తాతగారు ఆ దినమున సెలవులో నుండిరందురు. సెలవు చీటీ ఏదియని అడుగువారు లేరు! 1780 అక్టోబరులో విశాఖపట్టణమున ఓడయెక్కి హైదరాలీ మీది యుద్ధమునకు పొమ్మనగా తిరుగబడిన సిపాయిల విషయమును ఇంతే. తుడిచివేసిన నంబరును ప్రాణములొడ్డి తిరిగి తెచ్చుకొన్న పటాలమువారి మనుమలకు ఆ తుడిపివేతను దాచవలసిన అగత్యమేమో మాకు బోధపడదు. దానిని దాచినచో సీతాబల్డీ కోరికకు అర్థమే పోవును.

పటాలము పేరు చూచి బెదరువారును కలరు. పాత 2వ మదరాసు పటాలము 1903 నాటికి 62వ పంజాబీలైనది. 6వది 66వ పంజాబీలు. 7వది 67వ పంజాబీలు. 1881 నుండి 1885 వరకు మదరాసు సేనాధిపతిగా నున్న రాబర్ట్సు దొరగారును, ఆయన వంటివారును దక్షిణాది వారు యుద్ధమునకు తగరని తీర్మానించిన తరువాత, నంబరు నిలిపి మనుష్యులను మార్చిరి. తెలుగువారికి కాల్బలమున తావు సన్నగిల్లినది. తరువాత 62, 66 వారు 1వ పంజాబు రెజిమెంటున చేరి 1947లో పాకిస్తాను పాలైరి. 67 వారు 2వ పంజాబు రెజిమెంటున చేరి భారతదేశమున నిలిచిరి. కనుక కృష్ణా తీరమునుండి పోయిన ఒక సిపాయి పటాలమునకు నేటి వారసులు సరిహద్దు కావలనున్న సైన్యమున నుండుట అసంభవము గాదు. మదరాసు రెజిమెంటు 1920వ దశకమున రద్దయి 1941లో మరల లేచినది. దాని కాగితములలో 1850 నాటి తాతగారిని వెదకుట వృథా. సాపర్ల మాట వేరు. వారు చిరకాలముగా బెంగుళూరున నున్నారు.

ఇక మాటల పొరపాట్లు. మేము చదివిన ఒక చరిత్రలో, తొమ్మిదేండ్ల బాలునకు సర్కారు పెన్షను ఇచ్చెననియు, అది అతని అసమాన శౌర్యమునకు గుర్తనియు వ్రాసిరి. కాగితమున నున్నది ‘పెన్షన్ బాయ్’ అను మాట. మదరాసు పటాలములలో కొలువున చనిపోయిన సిపాయిల కుమారులను చిన్నతనముననే పట్టీలో చేర్చుకొని కొంత జీతమిచ్చి పెంచెడివారు. వారే ఆ పిల్లలు. ఎదిగి సిపాయిలగుటకు చేర్చుకొన్నవారు ‘రిక్రూట్ బాయ్’లు. శౌర్యము కాదు, తండ్రిలేనితనము. ఆ బాలుని తండ్రి ఎక్కడ, ఎట్లు చనిపోయెనో వెదకవలసిన చోట మన చరిత్రకారుడు డప్పు కొట్టి ముందుకు సాగిపోయెను.

‘తిలంగా’ అను మాటయు అట్టిదే. 1757లో క్లైవు వెంట మదరాసునుండి బంగాళమునకు పోయిన సిపాయిల వలన ఆ పేరు ఉత్తరాదిన వ్యాపించినది; తరువాత బీహారువాడైనను, అవధువాడైనను సిపాయి యైనచో తిలంగాయే. ఉర్దూ కాగితమున ఆ మాట కనబడినంతనే తెలుగువాడని చెప్పరాదు. మదరాసు కాగితములలో ‘జెంటూ’ అని యున్నచో అది తెలుగువాడనుటకు మంచి సాక్ష్యము. జిల్లా పేరును తేదీతో కలిపి చదువవలెను. 1859కి ముందు రాజమండ్రి యనగా జిల్లా, పట్టణమే కానక్కరలేదు. 1911కి ముందు చిత్తూరు, తిరుపతి సీమలు ఉత్తరార్కాడులోనివి. ఆ పేరు చూచి తాతగారిని అరవవారిలో కలుపరాదు. బరంపురము 1936 వరకు మదరాసు రాజధానిలోనిదే, కనుక గంజాము కాగితములకు చెన్నపట్టణము ఎగ్మూరులోని దస్తావేజుల భవనమునకే పోవలెను.

ఇప్పుడు అందరును తప్పించుకొను గడి. చేరిక పట్టీలో కులమునకు ఒక గడి కలదు. మదరాసు సైన్యమున, ముఖ్యముగా సాపర్లలో, ఊరు తక్కువవారని వెలివేసిన కులములవారు పెక్కురు చేరిరి, క్రైస్తవులును చేరిరి. కొందరు వంశచరిత్రకారులు కాగితము యావత్తును ఎత్తి వ్రాసి ఆ గడిని మాత్రము విడిచిపెట్టుదురు. మరికొందరు దానిని సవరింతురు. దండులోని లైనే ఆ కుటుంబమునకు ఊరికన్న మేలైన గౌరవమిచ్చినదేమో, తాతగారు ఊరు విడుచుటకు కారణము అదియేనేమో! ఆ గడిని కప్పిన వానికి ఇది తెలియు దారి లేదు.

సిపాయి కానివారి గతి మరియు హీనము. పటాలము వెంట డోలీ మోసిన బోయీలు, నీళ్ళు మోసిన పఖాలీలు, లస్కర్లు, బండివాండ్రు నడచిరి. తుపాకి లేదు గాని గుండు వారికిని తగిలినది. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిషు యుద్ధపతకము సైనికులకు వెండిది. కూలిదళముల వారికి కంచుది. ఇంట కంచు పతకమున్నచో తాతగారు మోతకాని పనిమీద పోయినారని అది పలుకుచున్నది. ఆ పతకమునకు వెండి పూత పూయించి గోడకు తగిలించిన గృహస్థు సంగతి విని మేము చాల నొచ్చుకొంటిమి. అంచు మీద నంబరు, పేరు, దళము చెక్కియుండును. పూతలో అవి పూడిపోయినచో మనుమడు చేజేతుల తాతను చెరిపినట్లే. బస్రాలో 1929లో ఆవిష్కరించిన స్మారకముపై అధికారుల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిలను పటాలమువారీగా సంఖ్యలో కలిపివేసిరి. కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారు ఈ అసమానతను 2021లో తమ నివేదికయందే అంగీకరించిరి. వారి పట్టీ నేడు అంతర్జాలమున చూడవచ్చును. పెక్కు పేర్లకెదుట తండ్రిపేరు, ఊరు, జిల్లా కలవు. పరదేశమున చనిపోయిన తాతగల ప్రతి కుటుంబమును మొదట చూడదగినది అది.

యానాము సోదరులకు ఈ త్రోవ పనికిరాదు. వారి కాగితములు పరాసు భాషలో నుండును. 1881 నాటి ఉత్తరువు ననుసరించి స్వధర్మశాస్త్రమును వదలుకొన్న కుటుంబములవారు క్రొత్త ఇంటిపేర్లు స్వీకరించిరి, కనుక ఆ యేటికి ముందొక పేరు, వెనుకొక పేరు వెదకవలసి యుండును. 1954లో పరిపాలన మారి, 1962లో చట్టరీత్యా విలీనమైనను, పాత సైనికుల పట్టీలు అటువైపుననే యున్నవి.

లండనులో ఐరోపా సైనికుల కాగితములు పుష్కలముగా నున్నవని విని అచ్చటికి వ్రాయువారికి ఒక మాట: సిపాయి కాగితము సాధారణముగా పటాలముతోనే తిరిగినది. ఇంటి పెట్టెలో నున్న డిస్చార్జి చీటీ, పెన్షను చీటీలే పెక్కుచోట్ల ముఖ్యాధారములు. వానిలో ఎత్తు, శరీరముపై మచ్చలు కూడ వ్రాసియుందురు, వేరొకడు వచ్చి పెన్షను తినకుండుటకై. ఫోటో ఎరుగని తాతగారి రూపమును గూర్చి మనకు దక్కునది ఆ రెండు పంక్తులే. అయినను వంశచరిత్రలలో అవి తప్ప తక్కినవన్నియు ఎక్కుచున్నవి.

మరియొకటి. యుద్ధమున చనిపోయిన సిపాయి భార్యకు పెన్షను ఇచ్చునపుడు ఆమె పేరు, పిల్లల పేర్లు, వయస్సులు వ్రాసెడివారు. మన వంశవృక్షములలో కొమ్మకొమ్మకును మగపేర్లే. ఆ వృక్షములలో లేని అవ్వ పేరు సర్కారు పట్టీలో నుండుట గమనింపుడు. సంచిక సంపాదకులకు మా మనవి యొక్కటే. వచ్చు సంవత్సరమునుండి వంశచరిత్ర వచ్చినపుడు దానితో కూడ మూలకాగితపు నకలును అడిగి, ప్రతి గడియు, అవ్వ పేరు, కులము, మచ్చలతో సహా, ఉన్నదున్నట్లు ఎదుటి పుటలో అచ్చువేయవలెను.